నూరు గింజలు నానేస్తే ఎన్ని?

“బాబాయ్, గవర్నమెంటు వాళ్లు చేసింది ఫెయిలైంది. ఇంక ప్రైవేటే గతి. ఎటూ సంక్రాంతికి వస్తున్నాం, అక్కడ ఏది మంచిదో కాస్త వాకబు చేసి పెట్టవా?”

మా పెద్దన్నయ్య కొడుకు బర్మింగ్‌హామ్ నుంచి చేసిన ఫోను ఇది. వాడన్న గవర్నమెంటు మన గవర్నమెంటు కాదని విడిగా చెప్పక్కర్లేదు. మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రభుత్వాసుపత్రుల్లో ఐవీఎఫ్ ఫెయిలైన దాఖలా ఇంతవరకూ ఒక్కటీ లేదు. బ్రిటన్ వాడు కలలో కూడా అందుకోలేని రికార్డు. చేస్తే కదా, ఫెయిలవడానికి!

పిల్లలు పుట్టకపోవడం మన సర్కారు పుస్తకంలో జబ్బు కాదు. ఆయుష్మాన్ భారత్ మినహాయింపుల జాబితాలో సంతాన చికిత్సలకు ఒక వరుస కేటాయించారు, అందం కోసం చేయించుకునే ఆపరేషన్ల సరసన. పిల్లలు వద్దన్నవాళ్లకు మాత్రం 1952 నుంచీ సర్కారు చేయని సేవ లేదు. శిబిరాలు పెట్టింది, జీపులెక్కించింది, ఎదురు డబ్బులిచ్చింది. ఆ పని ఎంత శ్రద్ధగా చేసిందంటే, ఇప్పుడు పిల్లలు తగ్గిపోయారని తానే బెంగ పెట్టుకుంది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను 2024 నవంబరులో మన అసెంబ్లీ ఎత్తేసింది. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ గారైతే, మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50,000 రూపాయలు, మగపిల్లాడు పుడితే ఆవు, తన జీతంలోంచి ఇస్తానన్నారు. మూడోవాడికి ఆవు. బాగుంది. మొదటివాడే పుట్టని ఇంటికి కనీసం పలుపుతాడైనా పంపిస్తారేమోనని చూస్తున్నాం.

మావాడి సంగతికొస్తాను. బ్రిటన్‌కు ఉద్యోగానికి వెళ్లినవాడు ఆరోగ్య సర్‌చార్జీ ఎంత కట్టినా, ఇంగ్లండులో 2017 ఆగస్టు నుంచి ఆ డబ్బుకింద ఐవీఎఫ్ రాదు. స్థిరనివాసం ముద్ర పడేదాకా ఆగి, ఆ తర్వాత క్యూలో నిలబడ్డారు మొగుడూ పెళ్లాం. 40 దాటని ఆడవాళ్లకు మూడు విడతలు చేయమని అక్కడి జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. ప్రాంతాల వారీ ఆరోగ్య బోర్డులేమో చాలాచోట్ల ఒక్కటి చేసి చేతులు దులుపుకుంటాయి. పిసినారితనం మన ఒక్కళ్ల సొత్తే అనుకోనక్కర్లేదు. వీళ్లకూ ఒక్కటే దక్కింది. తొమ్మిది అండాలు తీస్తే ఆరు పిండాలయ్యాయి. ఐదోరోజుకు రెండు మిగిలాయి. ఒకటి పెట్టారు, నిలవలేదు. రెండోది ఫ్రీజర్లోంచి తీసి పెట్టారు, అదీ నిలవలేదు.

అయితే ఒకటి. వాళ్లు లెక్క చెప్పి మరీ ఫెయిలయ్యారు. హెచ్‌ఎఫ్‌ఈఏ అని అక్కడ 1991 నుంచీ ఒక నియంత్రణ సంస్థ ఉంది. ఏ క్లినిక్కులో, ఏ వయసువాళ్లకు, పెట్టిన ప్రతి నూరు పిండాలకూ ఎంతమంది పిల్లలు పుట్టారో లెక్కగట్టి, ఊరందరూ చూసేలా పెడుతుంది. ఆ లెక్కన 35 లోపువాళ్లకు కూడా మూడింట ఒకటి చుట్టూనే ఫలితం. 43కు చేరేసరికి నూటికి ఐదు దగ్గర ఆగుతుంది. అమెరికావాళ్లు 1992లోనే చట్టం చేసి క్లినిక్కుల చేత ఈ లెక్కలు చెప్పిస్తున్నారు. ఇవన్నీ చూడటం అలవాటైన మావాడు అమాయకంగా అడిగాడు.

“మన టేబుల్ ఎక్కడుంటుంది బాబాయ్?”

“రోడ్డు మీద ఉంటుందిరా,” అన్నాను.

అబద్ధం చెప్పలేదు. తెనాలి బస్టాండులో గుంటూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే చాలు. మందుల షాపు గోడ మీద, కాలువ వంతెన పిట్టగోడ మీద, ఆటో వెనక, కరెంటు స్తంభానికి, అన్నిటి మీదా ఒకే పాప. తెల్లగా, బొద్దుగా, నీలికళ్లతో. ఆ కళ్లతో బిడ్డ మన డెల్టాలో ఎవరింట పుట్టినా పెద్దమనుషుల్లో పంచాయితీ పెట్టాల్సొస్తుంది. ఆ సంగతి బోర్డు రాయించినవాళ్లకు తట్టినట్టు లేదు. పాప పక్కన ‘పండంటి బిడ్డ మీ ఒడిలో’. దానికింద అంకె. ఒకచోట 70 శాతం, ఇంకోచోట 80, గుంటూరు దగ్గరపడేకొద్దీ 90. ఆ లెక్కన విజయవాడ దాకా వెళితే కవలలు ఉచితమేమో.

దేనిలో 80? ఎవరిలో 80? ఏ ఏడాది 80? బోర్డు మీద అంత చోటు ఉండదు, పాప బుగ్గలే ముప్పాతిక ఆక్రమించాయి.

రేపల్లెలో కల్యాణమండపంలో ‘ఉచిత సంతాన సాఫల్య శిబిరం’ పెట్టారని మా అన్నయ్య వియ్యంకుడు కబురు చేస్తే వెళ్లాను. ఆయన మా కోడలుపిల్ల తండ్రి, నాకు బావగారి వరస, అంటే ఈ వ్యవహారంలో నాకంటే సొంత మనిషి. రేపల్లె పక్క ఊళ్లో నాలుగెకరాల మాగాణి, చదువు ఐదో తరగతి, నోరు మాత్రం పీజీ. శిబిరం జరిపిస్తున్న క్లినిక్కు పేరు ఇక్కడ రాయను. పేరు మార్చి ఏ క్లినిక్కుదైనా రాసుకోండి, కథ మారదు.

మండపంలో ముందురోజు పెళ్లి తాలూకు బంతిపూల తోరణాలు ఇంకా తీయలేదు. వేదిక మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే రాజా కుర్చీలు రెండూ అలాగే ఉన్నాయి. ఒకదాంట్లో డాక్టరు గారు, ఇంకోదాంట్లో ఆయన బీపీ మిషను. కింద ప్లాస్టిక్ కుర్చీల్లో జంటలు. ఆడవాళ్ల ఒళ్లో పాలిథిన్ కవరు, అందులో ఐదారేళ్ల ఫైళ్లు. మగవాళ్లు ఎవరూ కుర్చీలో లేరు. గేటు దగ్గర ఫోన్లు చూసుకుంటున్నారు, ఇదేదో ఆడవాళ్ల పేరంటమైనట్టు. నిజానికి పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల లోపం మగవాడి వైపు కూడా ఉంటుంది. వీర్య పరీక్ష కొన్ని వందల రూపాయల్లో, ఒక పూటలో తేలిపోయే సంగతి. అది చేయించుకోకుండా పెళ్లానికి మూడుసార్లు ట్యూబుల పరీక్ష చేయించినవాళ్లను నేనెరుగుదును. వెనక వరసలో ఒక అత్తగారు పక్కావిడతో చెబుతోంది, “మావాడికేం, గుండ్రాయిలా ఉంటాడు.” గుండ్రాయికి పిల్లలు పుడతారని ఏ శాస్త్రంలో ఉందో.

డాక్టరు గారు ఒక్కో జంటకూ మూడు నిమిషాలిచ్చి కౌన్సెలరు దగ్గరికి పంపిస్తున్నారు. నీలిరంగు కోటు వేసుకున్న ఆ అమ్మాయి దగ్గర ఒక కాలిక్యులేటరు, ఒక అట్ట. అట్ట మీద సిల్వర్, గోల్డ్, ప్లాటినం. ప్లాటినంలో మూడు విడతలు, బిడ్డ పుట్టకపోతే డబ్బు వాపసు, అడుగున చుక్క గుర్తుతో చీమతలకాయంత అక్షరాల్లో ఏదో షరతు. ఈఎంఐ కూడా ఉంది. బిడ్డ ఫస్టు క్లాసుకొచ్చేదాకా కట్టుకోవచ్చు. పుట్టకపోయినా కట్టుకోవచ్చు.

మావాడి బర్మింగ్‌హామ్ కాయితాలు ఆ అమ్మాయి ముందు పెట్టాను. ఒకసారి తిరగేసి, “ఫారిన్‌లో అంత పట్టించుకోరు సర్. మన దగ్గర సక్సెస్ రేట్ ఎనభై శాతం,” అంది.

మా బావగారు గొంతు సవరించుకున్నారు.

“అమ్మాయ్, నాదొక మాట. నూరు గింజలు నానేస్తే మీ దగ్గర ఎనభై మొలుస్తాయంటావు?”

“అవును సర్.”

“మొలిచినవా, కోతకొచ్చినవా?”

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నాకు అర్థమై ఒళ్లు జలదరించింది. ఐవీఎఫ్ వ్యాపారంలో గుట్టంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. పిండం పెట్టిన రెండు వారాలకు రక్తపరీక్ష చేస్తారు. బీటా హెచ్‌సీజీ పెరిగితే ‘పాజిటివ్’. మిఠాయిలు పంచుకునేది అప్పుడే. క్లినిక్కు తన ఖాతాలో సక్సెస్ రాసుకునేదీ అప్పుడే. ఆ తర్వాత గుండెచప్పుడు వినపడాలి, మూడో నెల దాటాలి, తొమ్మిదో నెలకు చేరాలి, బిడ్డ ఇంటికి రావాలి. ఒక్కో మలుపులో కొందరు రాలిపోతారు. రాలినవాళ్లు బోర్డు మీది అంకెలోంచి మాత్రం రాలరు.

“అది పాజిటివ్ రేట్ సర్,” అంది చివరికి.

“అంటే మొలక. సరే. నానేసింది నూరూ నానేశారా? తాలు ముందే ఏరేసి, గట్టి గింజలు నానేసి లెక్కపెట్టారా?”

రెండో దెబ్బ. ఇంజెక్షన్లు మొదలుపెట్టి అండాలు సరిగా రాక మధ్యలో ఆపేసినవాళ్లు, అండాలు తీసినా పిండం తయారుకానివాళ్లు, తయారైనా ఐదోరోజు దాకా బతకని పిండాల తాలూకు మనుషులు, వీళ్లెవరూ పిండం పెట్టేదాకా రానే రారు. పెట్టినవాళ్లనే లెక్కపెడితే వీళ్లంతా గాల్లో కలిసిపోయారు. డబ్బు మాత్రం కలవలేదు, అది ముందే కౌంటర్లో కట్టేశారు.

“ఇంకోటి. మీ సొంత విత్తనం మొలవకపోతే బజార్లో కొనుక్కొచ్చిన గింజలు కూడా పోస్తారంటగా. అవీ ఈ లెక్కలోనే కలిపారా?”

దాత అండాల సంగతి. చట్ట ప్రకారం దాత వయసు 23కు తగ్గకూడదు, 35కు మించకూడదు. పాతికేళ్ల పిల్ల అండంతో నలభై రెండేళ్లావిడకు కడుపు పండితే, ఆ ఫలితం పాతికేళ్లదా, నలభై రెండేళ్లదా? అట్ట మీద ఆ గళ్లు లేవు. అన్నీ ఒకే గాదెలో పోసి ఒకటే అంకె. పైగా ఒకే మనిషికి నాలుగుసార్లు చేసి, నాలుగోసారి నిలిస్తే, నూటికి నూరు.

కౌన్సెలరు అమ్మాయి మేడం గారిని పిలుచుకొస్తానని లేచింది. వెనక్కి రాలేదు. ఆ పిల్లను అనడానికేం లేదు, నెలకు ఇన్ని జంటల్ని గుంటూరు పంపాలన్న టార్గెట్ ఆమెకు ఉద్యోగంతోపాటు ఇచ్చిన కట్నం. మా వెనక నిలబడ్డ ఒకాయన మాత్రం బావగారి భుజం తట్టి, “మీరు సీడ్ ఇన్‌స్పెక్టరా అండీ?” అని అడిగాడు.

ఆడదాన్ని పొలంతో పోల్చే పాడు అలవాటు మన పెద్దలది. అది నాది కాదు, బావగారిదీ కాదు. ఆయన పోల్చింది అమ్మేవాడి సంచిని. ఆయన ఇంట్లో ఏటా చూస్తాను. సార్వాకు ముందు కొత్త సంచి విప్పగానే గుప్పెడు గింజలు తీసి, నూరు లెక్కపెట్టి, తడిపిన గోనెపట్టాలో చుట్టి, వసారాలో చీకటి మూల పెడతారు. నాలుగో రోజు విప్పి, తెల్లటి మొలక వచ్చినవన్నీ ఒకపక్కకు, రానివన్నీ ఇంకో పక్కకు జరుపుతారు. రానివాటిని కూడా లెక్కపెడతారు, అదీ విశేషం. ఎనభై ఐదు వస్తే మండె కడతారు. అరవై వస్తే సంచి మూతి కట్టేసి, షాపువాడి ముందు ధబీమని పడేస్తారు.

ఆయన్ని అలా తయారుచేసింది మన బాపట్ల. 1945 నాటి వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు. దేశమంతా తినే సాంబ మసూరి, బీపీటీ 5204, ఆ ఊరిదే. బీపీటీ అంటేనే బాపట్ల. ఆ వంగడం రైతుల చేతికొచ్చింది 1986లో. అదే ఏడాది ఆగస్టు 6న బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో, శాస్త్రీయంగా రికార్డుకెక్కిన మన దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది. కేఈఎం కార్పొరేట్ ఆసుపత్రి కాదండోయ్, కార్పొరేషన్ ఆసుపత్రి. మున్సిపాలిటీది. అక్కడి డాక్టర్ ఇందిరా హిందుజా, ఐసీఎంఆర్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త ఆనంద్ కుమార్ కలిసి సాధించారు. రెండూ సర్కారు సొమ్ముతో, సర్కారు జీతగాళ్ల చేతుల్లో పుట్టినవే. ఒకే ఏడాది కవలలు. వరి బిడ్డ ప్రతి ఇంటి కంచంలోకీ వచ్చింది. రెండో బిడ్డను ఎవరు ఎత్తుకుపోయారో, ఎప్పుడు ఎత్తుకుపోయారో తెలీదుగానీ ఇప్పుడు ఏసీ గదుల్లో, గ్రానైట్ మెట్ల మీద పెరుగుతోంది. చూడాలంటే విడతకు లక్షన్నరో రెండు లక్షలో టిక్కెట్టు.

దానికంటే ముందు ఇంకో కథ ఉంది, చెప్పకపోతే పాపం. 1978 అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో ఒక ఆడపిల్ల పుట్టింది, ఇంగ్లండులో లూయీ బ్రౌన్ పుట్టిన డెబ్భై రోజులకు. మన ప్రభుత్వం నమ్మలేదు. కమిటీ వేసింది. కాయితాలేవి, ఆధారాలేవి, రుజువేదని నిలదీసింది. ఆయన 1981 జూన్‌లో ఉరేసుకున్నాడు. ఆయన చేసింది నిజమేనని ఒప్పుకోవడానికి మనకు తర్వాత చాలా ఏళ్లు పట్టింది. నిజంగా బిడ్డను పుట్టించినవాణ్ని రుజువులడిగి చంపుకున్న దేశం, ఇవాళ 90 శాతమని గోడ మీద రాసుకున్నవాణ్ని ఒక్క కాయితం అడగదు.

చట్టం లేదా అంటే ఉంది. 2021లో చేశారు, 2022 జనవరి 25 నుంచి అమల్లోకొచ్చింది. క్లినిక్కు రిజిస్టరు చేయించుకోవాలి. స్త్రీకి 21 నుంచి 50, పురుషుడికి 21 నుంచి 55 వయసు హద్దు. చికిత్స ఎలా సాగింది, ఫలితమేమిటి అన్నది జాతీయ రిజిస్ట్రీకి పంపాలి. అంటే లెక్క ఉంది. ఢిల్లీలో ఉంది. రేపల్లె నుంచి ఫైలు పట్టుకుని బయల్దేరిన ఆడమనిషి చూసుకోవడానికి క్లినిక్కుల వారీ పట్టిక మాత్రం లేదు. విత్తనాల చట్టం 1966లో వచ్చింది. సర్టిఫైడ్ వరి సంచికి నీలిరంగు ట్యాగు కుట్టి ఉంటుంది. దాంతోపాటు లేబులు మీద లాటు నంబరు, పరీక్ష చేసిన తేదీ, మొలక శాతం. ఆ శాతం 80కి తగ్గితే సర్టిఫికెట్ రాదు. క్లినిక్కులన్నిటికీ ఆ 80 అన్న అంకె మీద అంత మోజు ఎందుకా అని ఆలోచించేవాణ్ని. ఎవడో వరి సంచి చూసి కాపీ కొట్టి ఉంటాడు.

విత్తనం మొలవకపోతే రైతు వినియోగదారుడిగా కేసు వేయొచ్చని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు జాతీయ విత్తన సంస్థ మీద మన తెలుగు రైతులు గెలిచిందే. క్లినిక్కు బోర్డు మీది శాతం అబద్ధమని కేసెయ్యాలంటే మాత్రం ముందు అది దేంట్లో శాతమో చెప్పాలిగా. ఈ 90కి సాక్షి చెప్పమంటే కాశీ నుంచి సాక్ష్యానికి నడిచొచ్చిన పొన్నూరు భావన్నారాయణ స్వామి కూడా, “నేను చూళ్లేదు నాయనా,” అంటాడు.

శిబిరంతో ఊరుకోలేదు. గుంటూరు కూడా వెళ్లాం. అక్కడ రిసెప్షన్ గోడ నిండా పసిపిల్లల ఫొటోలు. మా బావగారు గోడ మొత్తం చూసి, “ఇక్కడ ఫొటో లేనివాళ్లు ఎంతమంది?” అన్నారు. రిసెప్షన్ పిల్ల ఆయనకు మంచినీళ్లిచ్చింది.

ఒక్క ఫొటోతో బండి లాగించే విద్యలో గుంటూరుకు పెద్ద పేరే ఉంది. 2019 సెప్టెంబరు 5న ఇదే ఊళ్లో తూర్పు గోదావరి నుంచి వచ్చిన 74 ఏళ్ల పెద్దావిడ, దాత అండంతో చేసిన ఐవీఎఫ్‌తో కవలల్ని కంది. ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. ఆవిడ కోరిక ఆవిడది, తప్పుపట్టే అర్హత నాకు లేదు. కానీ ఆ వార్త వచ్చాక నలభై దాటిన ప్రతి ఆడమనిషికీ ఇంట్లోవాళ్లు చెప్పిన మాట ఒకటే. “డెబ్భై నాలుగేళ్లావిడకు పుట్టగా లేనిది నీకు పుట్టదా?” ఒక్క గింజ మొలిచిన ఫొటో చూపించి ఊరు ఊరంతా విత్తనం కొనిపించడమంటే ఇదే. తర్వాత చట్టం 50 దగ్గర గీత గీసింది. గోడల మీది ఆశకు గీత లేదు.

గుంటూరులో డాక్టరు గారు మర్యాదస్తులు. మావాడి ఫైలు చదివారు కూడా. ‘ఎంతమందిలో ఎంతమంది’ అన్న ప్రశ్నకు మాత్రం, “ప్రతి పేషెంటూ ప్రత్యేకం కదండీ,” అని చిరునవ్వు నవ్వారు. ప్రతి పేషెంటూ ప్రత్యేకమైతే బోర్డు మీద అందరికీ కలిపి ఒకే అంకె ఎందుకుందో అడుగుదామనుకునేలోపు ఎస్టిమేటు ప్రింటవుతోంది.

ఆ ఎస్టిమేటు దగ్గర కాసేపు కూర్చోవాలి. అసలు చికిత్స ఖరీదు పైన నాలుగు వరసల్లో అయిపోయింది. కింద ‘అడ్వాన్స్‌డ్ సపోర్ట్’ పేరుతో ఇంకో ఏడు వరసలు. ఒకటి గర్భసంచి లోపలి పొరను ముందు నెలలో గీరడం. గీరితే పిండం బాగా అంటుకుంటుందట. ఇదే సంగతి 1,364 మంది ఆడవాళ్లను రెండు భాగాలు చేసి పరీక్షించి, 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో అచ్చేశారు. గీరినవాళ్లలో బిడ్డ పుట్టింది నూటికి 26 మందికి. గీరనివాళ్లలోనూ 26 మందికే. తేడా ఒక్కటే, గీరినవాళ్లకు నొప్పి. ఇంకో వరసలో ‘ఇంట్రాలిపిడ్’. తెల్లగా పాలలా ఉండే డ్రిప్పు, రోగనిరోధక శక్తిని సర్దుతుందన్నారు. అందులో ఉండేది సోయా నూనె, కోడిగుడ్డు సొన తాలూకు కొవ్వు. నోటితో తినలేని రోగులకు పోషణ కోసం తయారుచేసిన సరుకు. దాంతో పిల్లలు పుట్టే అవకాశం పెరుగుతుందనడానికి తగిన ఆధారం లేదని హెచ్‌ఎఫ్‌ఈఏ చెబుతోంది. బావగారికి అర్థమయ్యేలా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “గుడ్డు, నూనె. మా ఇంట్లో దాన్ని ఆమ్లెట్టంటాం. పది రూపాయలు,” అన్నారు.

పొలానికి పురుగుమందు షాపువాడు కట్టబెట్టే టానిక్కులు ఆయనకు తెలుసు. బిల్లులో యూరియా ఒకటే అవసరం, మిగతా ఆరు డబ్బాలూ ‘సార్, ఇది వేస్తే గింజ మెరుస్తుంది’.

మంచి డాక్టర్లు లేరని కాదు. ‘మీకు అవకాశం తక్కువ, ఉన్న అరెకరం అమ్ముకోకండి’ అని ముఖాన చెప్పి పంపేసినావిడ మా తెనాలిలోనే ఉంది. ఆవిడ దగ్గరికి జనం వెళ్లరు. ‘ఆవిడకు చేతకాదు’ అంటారు. 20 శాతమని నిజం చెప్పే డాక్టరును వదిలేసి 90 శాతమని అబద్ధం చెప్పే గ్రానైట్ మెట్లెక్కే మనం కూడా ఈ నాటకంలో పాత్రధారులమే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారుగానీ, ఇక్కడ వినేవాడే ఎదురెళ్లి చెప్పించుకుంటున్నాడు.

ఆ 90 సరిపోక నూటికి నూరు కావాలనుకున్నవాళ్ల కథ 2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడింది. సృష్టి ఫెర్టిలిటీ సెంటర్ కేసు. ఐవీఎఫ్ కోసం వచ్చిన జంటకు సరోగసీ అని చెప్పి, 30 లక్షలకు పైగా తీసుకుని, చేతిలో బిడ్డను పెట్టారు. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఆ బిడ్డ వాళ్ల బిడ్డ కాదు. పేద తల్లిదండ్రుల దగ్గర 90,000కు కొన్న పసికందు అన్నది పోలీసుల అభియోగం. కోర్టు తేల్చేది కోర్టు తేలుస్తుంది. నాకు ఒకటే అనిపించింది. బిడ్డకు గ్యారంటీ ఇచ్చే దారి లోకంలో అదొక్కటే ఉంది. పుట్టించేవాడు గ్యారంటీ ఇవ్వలేడు. కొనుక్కొచ్చేవాడు ఇవ్వగలడు.

సర్కారు తలుచుకుంటే చేయలేదా అంటే, గోవా మెడికల్ కాలేజీలో 2023లో ఉచిత ఐవీఎఫ్ మొదలుపెట్టారు. అదే ఏడాది అక్టోబరులో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో కూడా సంతాన సాఫల్య కేంద్రానికి రిబ్బను కత్తిరించారు. రిబ్బను కత్తిరించగానే ఎంబ్రయాలజిస్టు పుట్టడన్నది వేరే సంగతి. మన దగ్గర, తెనాలి తల్లీపిల్లల ఆసుపత్రి గేటు ఎదురుగా నిలబడి చూస్తే, లోపలికి వెళ్లడానికి ముందు తల్లి కావాలన్న నియమం కనిపిస్తుంది. బయట గోడ మీద నీలికళ్ల పాప మిగతావాళ్లను గుంటూరు దారి పట్టిస్తూ ఉంటుంది.

సంక్రాంతికి మావాళ్లిద్దరూ వచ్చారు. కోడలుపిల్ల గుంటూరు ఎస్టిమేటు తీసుకుని, ఒక్కో వరస పక్కనా పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టింది. ఆఖర్న ఒక కాయితం మీద నాలుగు ముక్కలు రాసింది. నా వయసువాళ్లు, సొంత అండాలతో, పోయినేడాది మీ దగ్గర మొదలుపెట్టినవాళ్లు ఎంతమంది, బిడ్డతో ఇంటికెళ్లినవాళ్లు ఎంతమంది, సంతకం చేసి ఇవ్వండి. మూడు క్లినిక్కులకు ఆ కాయితం పంపింది. రెండింటి నుంచి పండగ ఆఫర్ వచ్చింది. మూడోదాంట్లో ఒక డాక్టరమ్మ స్వయంగా ఫోన్ చేసి, “ఇలా ఎవరూ అడగలేదమ్మా, నా రిజిస్టరు తీసి లెక్క కట్టాలి, వారం టైమివ్వు,” అంది. కోడలుపిల్ల ఇచ్చింది. వాళ్లు బర్మింగ్‌హామ్ వెళ్లిపోయాక వచ్చింది ఆ లెక్క. చేత్తో రాసి, వాట్సాప్‌లో ఫొటో తీసి పంపారు. అంకె చిన్నదే. కోడలుపిల్ల ఈ వేసవికి టిక్కెట్లు చూస్తోంది.

ఈలోగా శిబిరంలో కనిపించిన నీలికోటు అమ్మాయి మా బావగారి నంబరు దాచుకున్నట్టుంది. మొన్న ఫోన్ చేసింది.

“సర్, ఈ ఆదివారంతో మన గోల్డ్ ప్యాకేజీ మీద ఇరవై శాతం డిస్కౌంట్ అయిపోతోంది. పాపను ఎప్పుడు తీసుకొస్తున్నారు?”

బావగారు అప్పుడు వసారాలో మినుములు నానేసి గింజలు ఏరుతున్నారట.

“వస్తాంలే తల్లీ. ముందు ట్యాగు పంపించు.”

“ట్యాగ్ అంటే ఏంటి సర్?”

“సంచికి కుడతారు చూడు, నీలంది.”

అటువైపు కాసేపు మాట లేదట. తర్వాత వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. ఆయన నాకు పంపించారు, చూశాను. నీలమే. పాప కళ్లు.